ఒక కంటికి సున్నం

ఇట్లా దగ్గరికి జరుగు ముస్కాన్. ఆ ఫోను బోర్లా పెట్టు. పదో తరగతి పుస్తకం ఒళ్ళో ఉంటే ఉండనీ, నేను చెప్పబోయేది దాని గురించే. నిన్న గుమ్మంలో నిలబడి మీ క్లాసు పిల్లతో నువ్వన్న మాట నా చెవిన పడింది. మా అక్క చెప్పబట్టే మా నాయన కంట్లో సున్నం పెట్టినారు, కన్ను పోయింది అన్నావు. నిన్ను తిట్టడానికి పిలవలేదు. ఆ రోజు నువ్వు బడిలో ఉన్నావు. ఇంటికి వచ్చాక ఎట్లా చెప్పారో అట్లా నమ్మావు. నేను మాత్రం అక్కడే ఉన్నాను, చెయ్యి చాపితే అందేంత దూరంలో.

నా చదువు రెండో తరగతితో సరి. అయినా మరుపు అన్నది అల్లా నాకు ఇవ్వలేదు. మీ అమ్మ ఖమ్రున్నీసా కాపురానికి వచ్చిన రోజు ఎవరి ఇంట్లో బిర్యానీ అడుగంటిందో, దాన్ని ఎవరు నవ్వుతూ తిన్నారో, ఎవరు మూతి విరిచారో ఇప్పుడడిగినా చెబుతాను. ఈ మాట కూడా వరస తప్పకుండా చెబుతాను. నీకు తెలిసిన సంగతులు మధ్యలో వస్తే విసుక్కోకు. రేపు నువ్వు ఇంకొకరికి చెప్పేటప్పుడు వాళ్ళకు తెలియాలి కదా.

పోయిన ఏడాది రంజాన్ మొదలయ్యే ముందర రోజులవి. శివరాత్రి ఇంకా రానే లేదు, ప్రొద్దుటూరులో అప్పటికే రేకుల కింద కూర్చుంటే నెత్తి మాడుతోంది. పెళ్ళిళ్ళ కాలం. బంగారు అంగళ్ళ వీధి నుంచి వెండి కాలిపట్టీలు సంచులకు సంచులు మెరుగుకు వస్తున్నాయి. మీ నాయన, నా కొడుకు ఫయాజ్, ముందు పంచలో కూర్చుని, అతుకుపెట్టి నల్లబడిన పట్టీలను తేజాబ్ కలిపిన నీళ్ళలో ముంచి, కుంకుడు నురుగులో వేసి ఇత్తడి బ్రష్షుతో రుద్దేవాడు. మీ బళ్ళో ఆసిడ్ అంటారే, దాన్నే మా మెరుగు పనివాళ్ళు తేజాబ్ అంటారు. దాన్ని కలపడానికి ఒక పద్ధతి ఉంది. ముందు తొట్టిలో నీళ్ళు పోసుకుని అందులోకి తేజాబ్ సన్నటి ధారగా వదలాలి. తేజాబ్‌లోకి నీళ్ళు పోశావో, బుస్సుమని ఉడికి మొహం మీదికి లేస్తుంది. మీ తాత ఈ మాట ఫయాజ్‌కు పలక పట్టకముందే నేర్పాడు. ఫయాజ్ మాకందరికీ నేర్పాడు. ఈ ఇంట్లో కలిమా తరవాత పిల్లలకు వచ్చే మాట అదే. తేజాబ్ మీద నీళ్ళు పోయకూడదు.

మీ అక్క నౌషీన్ అప్పుడు పదో తరగతి. ఇడుపులపాయ త్రిపుల్ ఐటీలో సీటు కొట్టాలని దాని పంతం. పులివెందుల దారిలో వేంపల్లె అవతల ఉందే, అది. పదిలో మార్కులు బాగా వస్తేనే సీటు. దానికంటే మీ నాయనకు ఆశ ఎక్కువ. పట్టీల సంచులు తెచ్చే ఆటో అతను ఫరూఖ్‌తో సహా ఎవరు పంచలోకి వచ్చినా, నా బిడ్డ ఇడుపులపాయకు పోతాది అని మొదలుపెట్టేవాడు. ఫరూఖ్ ఒకరోజు తట్టుకోలేక, “ఏం అన్నా, సీటొచ్చినాదా, ఇంగా మాటేనా?” అన్నాడు. “నా బిడ్డకు రాకుంటే ఇంగెవురికి వస్తాదిరా,” అన్నాడు మీ నాయన.

నౌషీన్ పాఠాలు గట్టిగా చదివేది. వినేదాన్ని నేనే. ఒకరోజు ఆమ్లాలు, క్షారాలు అని ఎత్తుకుంది. నాకు కారం అని వినబడింది. కారం గురించి నాకు పుస్తకం ఎందుకే, గుంటూరు మిరపకాయకూ మన కమలాపురం మిరపకాయకూ తేడా నేనే రాసిస్తాను అన్నాను. అది పడీ పడీ నవ్వింది.

“కారం కాదు జేజీ, క్షారం. నీ నడుములో ఉండాదే డబ్బీ, అందులో ఉండేది క్షారమే.”

“సున్నమా?”

“సున్నమే.”

నమ్మలేదని చేసి చూపించింది. గ్లాసులో పసుపు నీళ్ళు కలిపి నా ఆకువక్క డబ్బీలోంచి గోటితో ఇంత సున్నం తీసి వేసింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. దిష్టి నీళ్ళు నాకు తెలియనివా, మీ నాయనకు ఎన్నిసార్లు తీసి వీధిలో పోశానో. అయితే తరవాత చేసింది నాకు కొత్త. అందులోకి చీనీకాయ పిండింది, బత్తాయి అంటారే అది. మారలేదు. ఇంకో చెక్క పిండింది. ఎరుపు కాస్త తగ్గిందంతే. పులివెందుల చీనీకాయ కదా, తియ్యగా ఉండేవాళ్ళతో తగువు తెగదు అన్నాను. అప్పుడు నిమ్మకాయ కోసి పిండింది. ఎర్రటి నీళ్ళు మళ్ళీ పసుపుపచ్చగా అయిపోయాయి. పులుపు ఆమ్లమంట, సున్నం క్షారమంట, ఒకదాని పొగరు ఒకటి అణుస్తుందంట. దానికి పుస్తకంలో పెద్ద పేరుంది, నాకు నోరు తిరగలేదు. మన సీమ మాటలో చెప్పుకుంటే రాజీ అన్నమాట అన్నాను. “రాజీనే జేజీ. రాజీ అయినాంక ఉప్పూ నీళ్ళూ మిగుల్తాయి,” అంది. ఉప్పూ నీళ్ళూ అంటే కన్నీళ్ళే కదే, ఈ జిల్లాలో ఏ రాజీ అయినా అంతే అన్నాను. ఆ రోజు ఇద్దరం ఎంత నవ్వామో.

ఆ పాఠంలోనే ఇంకో ముక్క ఉంది. నీ పుస్తకంలో కూడా ఉంటుంది చూడు, ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు. తేనెటీగ కుడితే ఒంట్లోకి ఆమ్లం వదులుతుంది, వంటసోడా లాంటి క్షారం రాస్తే మంట తగ్గుతుంది అని. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. మా అమ్మ కందిరీగ కుట్టినా తేలు కుట్టినా సున్నమే రాసేది. ఏ బడికి పోయి నేర్చుకుంది మా అమ్మ? నాకు ఒళ్ళు పొంగిపోయింది ముస్కాన్. మాబోటి వాళ్ళ ఇంటి వైద్యం అంతా పుస్తకంలో ఎక్కించారు అనుకున్నాను. వీధి వీధంతా తిరిగి చెప్పాను. తరవాత నౌషీన్ ఇంకా ఏదో చెప్పింది, పుల్లనివి అన్నీ ఒక్కటి కాదని, కొన్ని మెత్తనివి, కొన్ని మొరటువని, సారు ఏదో జాగ్రత్త చెప్పాడని. నేను వినలేదు. నా తల నాకు నచ్చిన ముక్క దగ్గరే ఆగిపోయింది.

ఆ తరవాత పది రోజులు కూడా కాలేదు. మధ్యాహ్నం. మీ అమ్మ తయారైన పట్టీలు ఇవ్వడానికి అంగళ్ళ వీధికి పోయింది. నౌషీన్ అన్నం తినడానికి ఇంటికి వచ్చింది. మీ నాయన కొత్త తేజాబ్ క్యాను మోకాళ్ళ మధ్య పెట్టుకుని మూత తిప్పుతున్నాడు. మూత బిగుసుకుపోయింది. క్యాను మెత్తటి ప్లాస్టిక్. మోకాళ్ళతో గట్టిగా నొక్కేసరికి మూత ఊడటమూ, లోపలిది ఎగిరి మొహాన పడటమూ ఒక్కసారే అయ్యాయి. చెంప మీద కొంచెం. కుడి కంట్లో కొంచెం.

కన్ను కన్ను అని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నౌషీన్ ఎంగిలి చెయ్యితోనే పరుగెత్తి డ్రమ్ములో చెంబు ముంచింది.

“నీళ్ళు జేజీ, నాయన తల పట్టుకో, నీళ్ళు పొయ్యాల.”

నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

“తేజాబ్ మీద నీళ్ళు పోస్తావా? కన్ను ఉడికిపోతాదే.”

“కాదు జేజీ, ఇది వేరే. వదులు.”

వదల్లేదు. అది లాగింది, నేను లాగాను, చెంబు కింద పడి నీళ్ళన్నీ బండల మీద పారాయి. నా చెయ్యి అప్పటికే నడుములోని డబ్బీ మీదికి పోయింది. సున్నం వేలితో తీశాను. నా మనసులో ఏముందో చెబుతాను, దాచను. భయం లేదు. గర్వం ఉంది. ఈ ముసలిదానికి తెలిసింది మీకెవరికీ తెలియదు చూడండి అన్నట్టు ఉంది. వాడికి చిన్నప్పుడు సుర్మా పెట్టేదాన్ని. అట్లాగే ఎడమచేత్తో రెప్ప ఎత్తి, కుడి వేలితో లోపల పెట్టాను.

“ఓర్చుకో నాయనా. ఒక్క నిమిషం. రెండూ రాజీ అయితాయి.”

మీ నాయన అరిచిన అరుపు సంగతి ఇక చెప్పను. నౌషీన్ నన్ను పక్కకు తోసేసి రెండో చెంబు తెచ్చి పోసింది, మూడోది పోసింది. సున్నం తడికి కరుచుకుపోయింది. ఫరూఖ్ ఆటో తెచ్చేసరికి కాసేపు అయింది.

కళ్ళ డాక్టరు మాధవి అని, చిన్న వయసే. మీ నాయనను పడుకోబెట్టి సీసాలకు సీసాలు నీళ్ళు కంట్లోకి వదిలింది. రెప్ప తిరగేసి సున్నపు పలుకులు ఒక్కొక్కటి తీసింది. గంట పైన పట్టింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నౌషీన్ మీ నాయన పాదాలు పట్టుకుని నిలబడింది. అప్పటికి మీ అమ్మ కూడా రొప్పుకుంటూ వచ్చింది.

డాక్టరమ్మ చేతులు కడుక్కుని మా వైపు తిరిగింది.

“ఆసిడ్ పడితే సున్నం పెట్టమని ఎవరు చెప్పినారు?”

నా నోట్లో సమాధానం ఎప్పుడు తయారైందో నాకు తెలియదు.

“పాప చెప్పింది మేడమ్. పుస్తకంలో ఉందంట.”

అంతే. ఇంకేమీ అనలేదు నేను. అబద్ధం అందామంటే పూర్తిగా అబద్ధం కాదు కదా అని తరవాత ఎన్ని రోజులు నాకు నేనే చెప్పుకున్నానో. పసుపు నీళ్ళు చూపించింది అదే, పుస్తకం చదివింది అదే. అబద్ధం అంతా నేను చెప్పకుండా మింగిన ముక్కలో ఉంది.

డాక్టరమ్మ నౌషీన్‌ను చూసి, ఏ క్లాసమ్మా నువ్వు అని అడిగింది. టెంత్ అంది. మార్కులకు చదివితే ఇట్లే ఉంటాది అంది ఆవిడ. కేకలు వేయలేదు, పాఠం చెప్పినట్టు నెమ్మదిగానే చెప్పింది. కంట్లో ఏది పడినా ముందు నీళ్ళు, ఊరికే నీళ్ళు, అరగంట తగ్గకుండా. చుక్క ఆసిడ్‌కు చెంబెడు నీళ్ళు పోస్తే అది ఉడకదు, కొట్టుకుపోతుంది. ఆసిడ్ కంటిని పైన కాల్చి చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది, సున్నం ఆగదు, లోపలికి తింటూ పోతుంది. నీళ్ళే పోసుంటే ఈ కన్ను మిగిలేదేమో అంది.

నౌషీన్ తలెత్తి నా వైపు చూసింది. నేను చెబుతానని చూసింది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అది ఇంకాసేపు చూసి, తరవాత నేల వైపు చూసింది. మీ అమ్మ దాని భుజం మీద ఒక్కటి వేసింది. అది దెబ్బ తిన్నదే గానీ నోరు తెరవలేదు.

తరవాత కడప, ఆ తరవాత తిరుపతి. మూడుసార్లు తిరిగారు. కుడి కన్ను పాలు పోసినట్టు తెల్లబడిపోయింది. పరామర్శకు వచ్చినవాళ్ళందరికీ మీ అమ్మ చెప్పిన కథ ఒకటే. పిల్ల పుస్తకం చూసి చెప్పిందంట, అత్తమ్మ నమ్మి పెట్టిందంట. అయ్యో, చదువుకున్న పిల్ల కదా అని నమ్మినాది పాపం అని నన్ను ఓదార్చారు. ఓదారిస్తే ఏడ్చాను కూడా. ఆ ఏడుపు దొంగది కాదు. అయినా దొంగ ఏడుపే.

మీ నాయన నౌషీన్‌తో మాట్లాడటం మానేశాడు. తిట్టలేదు, కొట్టలేదు. అది మంచినీళ్ళు తెస్తే, అక్కడ పెట్టు అన్నట్టు చెయ్యి చూపించేవాడు. అది పట్టీలు రుద్దడానికి కూర్చుంది. ఒక చేత్తో బ్రష్షు, ఒళ్ళో పుస్తకం. రంజాన్ రోజాలు మొదలయ్యాయి, పరీక్షలు మొదలయ్యాయి. తెలుగు రాసింది, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు రాసింది. బాగా రాశానని మాత్రం నాకొక్కదానికే చెప్పింది. అప్పటికీ నాతో మాట్లాడుతూనే ఉంది చూడు.

ఆ ఆమ్లాల పాఠం వచ్చే పరీక్ష రోజు పొద్దున యూనిఫాం వేసుకుని, జడలు అల్లుకుని, హాల్ టికెట్ ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని గడప దాకా వచ్చింది. మంచం మీద కూర్చున్న మీ నాయన ఇరవై రోజుల తరవాత మొదటిసారి దానితో మాట్లాడాడు.

“ఈపొద్దు ఆ పరీక్షేనా?”

“ఊ నాయనా.”

“పో. పొయ్యి రాసిరా. ఇంగో కన్ను ఉండాది కదా.”

అది గడప మీద ఆగిపోయింది. కవరు కిటికీలో పెట్టి వంటింట్లోకి వచ్చింది. నేను బియ్యం ఏరుతున్నాను. నా ఎదురుగా కూర్చుంది. తొమ్మిదిన్నరకు పరీక్ష. ఇంకా ముప్పావుగంట టైము ఉంది.

“జేజీ, నువ్వు చెప్పేదుంటే ఇప్పుడు చెప్పు. లేకుంటే ఊరికే ఉండు.”

“నేను చెప్తే మీ నాయన ఏమయిపోతాడే? కన్నతల్లే తీసిందని తెలిస్తే,” అన్నాను.

అది తల ఊపింది. నా చేతిలోని చాట తీసుకుని తనే బియ్యం ఏరింది. వీధిలో ఫరూఖ్ ఆటో ఆపి, పాపా టైమవతాంది అని రెండుసార్లు హారన్ కొట్టాడు. మూడోసారి కొట్టలేదు. నేను ఊరికే ఉన్నాను. ఆ ముప్పావుగంట నా డెబ్బై ఏళ్ళ బతుకులో అన్నిటికంటే పొడుగు. దాంట్లో ఏ నిమిషంలోనైనా లేచి పంచలోకి పోయుండొచ్చు. పది అడుగులు.

మిగిలిన పరీక్షలకూ పోలేదు. టీచరమ్మ ఇంటికి వచ్చి సప్లిమెంటరీ అయినా రాయించమని బతిమాలింది. మీ నాయన తలెత్తలేదు. రంజాన్ పండగ అయ్యాక నౌషీన్‌ను మీ అమ్మ వాళ్ళ అక్క దగ్గరికి జమ్మలమడుగుకు పంపారు, కుట్టుపని నేర్చుకుంటుందని. ఆ సంవత్సరం దాని బెంచీలో కూర్చునే చందన అనే పిల్లకు ఇడుపులపాయలో సీటు వచ్చింది. మన ఇంటికే మొదట మైసూరుపాకు తెచ్చింది, పాపం, నౌషీన్ ఇక్కడే ఉందనుకుని.

ఇక మొన్నటి మాట. బక్రీదుకు నౌషీన్ రాలేదు, చూశావు కదా. అందరూ తిని పడుకున్నారు. మీ నాయన పండగ పూట కూడా పంచలో కూర్చుని పట్టీలు రుద్దుతున్నాడు, ఎడమ కన్ను వాటంగా ఉండేట్టు మెడ ఒక పక్కకు వంచి. నేను పోయి ఎదురుగా కూర్చున్నాను. ఏడాది పైగా నమిలిన మాట కదా, తొందరగానే బయటికి వచ్చింది.

“ఫయాజూ, ఆపొద్దు నీళ్ళు అని పాప అనింది. దాని చెయ్యి పట్టుకునింది నేను. సున్నం పెట్టమని అది చెప్పలే. నాకే తోచి పెట్టినా.”

బ్రష్షు ఆగలేదు.

“తెలుసులేమా.”

“ఏంది తెలిసేది?”

“కన్ను పోయింది గానీ, ఆపొద్దు చెవులు బాగనే ఉండె. నీళ్ళు నీళ్ళని బిడ్డ మొత్తుకుంటాంటే నాకు ఇనపడలేదా? చెంబు కిందపడింది గూడా ఇనపడె.”

“తెలిసీ పిల్లను అట్ల ఎట్ల అంటివిరా?”

పట్టీని తిప్పి రెండో వైపు రుద్దాడు.

“నిన్ను అనలేక.”

ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నం అని మనవాళ్ళు సామెత చెప్పుకుంటారు. తల్లికి వెన్న పెట్టాడు నా కొడుకు. బిడ్డకు సున్నం పెట్టాడు. ఆ వెన్న ఏడాదిగా తింటున్నాను నేను, ఎక్కడిదని అడగకుండా.

మరుసటి రోజే జమ్మలమడుగు బస్సెక్కాను. నౌషీన్ మిషను ముందు కూర్చుని జాకెట్టు చేతులు అతుకుతోంది. నాయనకు అంతా చెప్పేశానే, రా పోదాం, ఇప్పుడైనా పరీక్ష కట్టు అన్నాను. సూదిలో దారం ఎక్కించుకుంది.

“నాయన పంపిచ్చినాడా నిన్ను?”

“లేదు. నేనే వచ్చినా.”

“అట్లయితే అన్నం తిని పో జేజీ. మూడింటికి బస్సుండాది.”

తిన్నాను. అదే వడ్డించింది. కోడిగుడ్డు కూర, నాకు పళ్ళు లేవని మెత్తగా ఉడకబెట్టింది. బస్టాండు దాకా వచ్చి కిటికీ పక్క సీటులో కూర్చోబెట్టింది.

ఇదంతా విన్నావు కదా. ఈ ఇంట్లో నిజం తెలియనివాళ్ళు నువ్వూ, మీ అమ్మా. ఇప్పుడు మీ అమ్మ ఒక్కతే మిగిలింది, ఆమెకు ఈ సాయంత్రం నేనే చెబుతాను, ఆ పని నీ మీద పెట్టను. నీకు పెట్టే పని వేరే. మీ క్లాసులో సారు ఆ పాఠం చెప్పేటప్పుడు లేచి నిలబడు. ఆసిడ్ పడితే ముందు నీళ్ళు, నీళ్ళ తరవాత కూడా నీళ్ళే అని చెప్పు. ఎవరు చెప్పారని అడుగుతారు. మా అక్క నౌషీన్ ముందే చెప్పింది, మా జేజి హజరాబీ వినలేదు అని చెప్పు. నిన్న ఆ పిల్లతో అన్న మాటను కూడా ఆ పిల్ల దగ్గరికే పోయి దిద్దు. నేను పోయాక నలుగురూ చేరి, హజరాబీ శానా మంచిది, నోట్లో అబద్ధం ఉండేది కాదు అంటారు. చచ్చినవాళ్ళను అట్లాగే అంటారులే. వాళ్ళను అననీ. అన్నాక, ఇది కూడా కలిపి చెప్పు తల్లీ. మీ అక్క పేరు ముందు పెట్టి చెప్పు.